పదహారో సీటు

మా నాన్న బట్టల కొట్టులో మీటరు బద్ద ఒకటే ఉండేది గానీ కొలతలు రెండు. కొనేవాళ్ళు బద్ద వైపు చూస్తుంటే ఒక కొలత, గుడ్డ అంచు వైపు చూసి మురిసిపోతుంటే ఇంకో కొలత. తేడా బొటనవేలి వెడల్పు. దాన్ని మోసం అనేవాళ్ళం కాదు, చేతివాటం అనేవాళ్ళం. చీరాల బజారులో ఆ గల్లాపెట్టె పక్కన కూర్చుని అఆలు దిద్దిన నేను, నలభై దాటాక, ఇంగ్లండులో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో, నా కూతురి బడిదారి ఎంత పొడవన్న విషయం మీద అక్కడి జిల్లా కౌన్సిల్‌తో బేరానికి దిగాను. అవతలివాళ్ళకి బేరమే తెలియదన్న సంగతి నాకు తెలియక దిగాను.

లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో ఉన్నన్నాళ్ళూ బడి గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. సందు చివర ఒకటి, బస్టాపు దగ్గర ఇంకొకటి. మా ఆయనకి ఇక్కడి టౌను ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో ఉద్యోగం వచ్చి, అక్కడికి పది మైళ్ళ దూరంలో ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాక తెలిసింది, పల్లెలో బడి అంటే దూరం అని. ఈ ఊరి బడి మేము రాకముందే మూతపడింది. ఇప్పుడది సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే ఇల్లు. పైన గంట అలాగే ఉంచారు, ఫొటోలో బాగుంటుందని. ఊళ్ళో కొట్టు కూడా లేదు. రోడ్డు పక్కన ఒక బల్ల మీద కోడిగుడ్లు పెట్టి, పక్కన ఒక డబ్బా పెడతారు. గుడ్లు తీసుకుని డబ్బులు వేసి వెళ్ళాలి. వచ్చిన మొదటివారం ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎవరితో బేరమాడాలి? కోడితోనా?

మా పాప చదివేది పక్క ఊరి ప్రభుత్వ బడి. నలభై మంది లోపు పిల్లలు, మూడు తరగతి గదులు. ఒక్కో గదిలో రెండు మూడు ఏళ్ళ తరగతులు కలిసి కూర్చుంటాయి. హెడ్ టీచరే వారంలో మూడు రోజులు పాఠం చెబుతుంది. మధ్యాహ్నం భోజనం వేరే ఊరి బడిలో వండి, పెద్ద పెట్టెల్లో వేడి చల్లారకుండా తెస్తారు. తిన్న హాల్లోనే బల్లలు మడిచేసి ఆటలు ఆడిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నా కొట్టుబుద్ధి వెంటనే లెక్క కట్టింది: సరుకు తక్కువ, షోకేసు చిన్నది, మూతపడే కొట్టు లక్షణాలన్నీ ఉన్నాయి.

కానీ ఈస్ట్ హామ్‌లో ఏడాదిపాటు అక్షరాల ముందు నోరు విప్పని పిల్ల ఇక్కడ చదవడం నేర్చుకుంది. అదెలాగో చెప్పాలి. వాళ్ళ గదికి కొత్తగా వచ్చిన టీచరు దీన్ని చదవమని అడగడం మానేసి, దీనికంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, "వాళ్ళకి బొమ్మలు చూపించి కథ చెప్పు" అంది. చిన్నవాళ్ళు ఊరుకుంటారా? ఇక్కడేం రాసుంది, అక్కడేం రాసుంది అని వేలు పెట్టి అడుగుతారు. పరువు కాపాడుకోవడానికి ఇది చదవాల్సి వచ్చింది. మూడు తరగతులు ఒకే గదిలో ఉండటం వల్ల అయిన పని అది. అప్పటినుంచి ఆ బడిని చిన్నచూపు చూడటం మానేశాను.

కిందటి మే నెలలో కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి బడి రెండు మైళ్ళు దాటితే ఉచిత బస్సు. ఎనిమిది నిండాక మూడు మైళ్ళు దాటాలి. మా పాపకి ఎనిమిది నిండుతున్నాయి. రోడ్డు మీద వెళితే బడి నాలుగు మైళ్ళు; కానీ పొలాల మధ్య నుంచి నడకదారి ఒకటుంది, దాన్ని పట్టుకుని కొలిస్తే మూడు మైళ్ళకి ఒక ఫర్లాంగు తక్కువ. కాబట్టి సెప్టెంబరు నుంచి బస్సు ఉండదు.

మా ఆయన షిఫ్టు ఏడింటికే మొదలు. నేను ఇంటి నుంచే లండన్ క్రోయిడన్‌లో ఉన్న ఆఫీసు పని చేస్తాను, తొమ్మిదింటికి ఫోను ఎత్తాలి. కారు ఉంది, లైసెన్సు లేదు. మూడుసార్లు డ్రైవింగ్ టెస్టు తప్పాను. రెండోసారి ఎగ్జామినర్‌తో, "రోడ్డంచు గట్టుకి తగిలింది కొంచెమే కదా, సగం తప్పు వేసుకోండి" అన్నాను. ఆయన నవ్వాడు గానీ దిగిరాలేదు. బస్సు పోతే మిగిలింది ఒకటే దారి: పాపని ఆ బడి మాన్పించి, మా ఆయన పొద్దున్నే తనతో తీసుకెళ్ళి, తెల్లారేసరికే పిల్లల్ని చూసుకునే ఏర్పాటున్న టౌను పెద్ద బడిలో దింపడం. కొత్త బడి అనగానే పాప పాత అలవాటు మళ్ళీ తిరగబెట్టింది. రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు.

అప్పీలు ఫారం వచ్చింది. "మీరు ఏం కోరుతున్నారు?" అని ఒక గడి. ఆ గడిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదుటివాడు ధర అడిగాడు! మా కొట్లో మొదటి సూత్రం: వంద కావాలంటే రెండొందల దగ్గర మొదలెట్టు. బస్సు సీటు కావాలంటే బస్సు సీటు అడక్కూడదు. "ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మం దాకా టాక్సీ, అందులో పాపకి తోడుగా ఒక పెద్దమనిషి" అని రాశాను. వాళ్ళు, టాక్సీ కుదరదండీ, పోనీ బస్సు ఇస్తాం అంటారు. నేను మొహం ముడుచుకుని సరే అంటాను. ఇదీ పథకం.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. చాలా మర్యాదగా, రెండు పేజీలు. టాక్సీ ఏయే పరిస్థితుల్లో ఇస్తారో, మాకు ఎందుకు వర్తించదో, ఒక్కో కారణానికీ ఒక్కో పేరా. బస్సు ఊసే లేదు. అడిగింది టాక్సీ, టాక్సీ లేదు, అంతే సంగతులు.

ఇప్పుడు చీరాల కొట్టు నడిపేది మా అక్క. ఫోను చేసి చెప్పాను.

"ఫారం మీద బేరవాడావుటే?" అంది.

"మరేం చెయ్యను? ధరెంతని వాళ్ళే అడిగితేనూ."

"ఒసేయ్, బేరవంటే అవతలోడి మొహం చూస్తా ఆడేది. కాయితం మొహం ఏం చూశావే నువ్వు? నాన్నుంటే నిన్ను కొట్లోంచి దింపేసేవోడు."

"ఇంకో మెట్టుంది అక్కా. ఆఫీసరొచ్చి దారి నడిచి చూస్తాడంట."

"అట్టా చెప్పు! మనిషొస్తున్నాడుగా. కొలిచేప్పుడు మాటల్లో పెట్టు. చెయ్యి వదులవుద్ది."

ఆఫీసరు ఎప్పుడు రమ్మంటారని అడిగితే వాతావరణ సూచన చూసి చూసి తేదీ ఇచ్చాను. వానలో ఆ పొలందారి మోకాటి లోతు బురద. ఇంగ్లండులో వాన కోసం మొక్కుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే. జూలైలో ఆ సాయంత్రం నాలుగింటికి ఆకాశం కడిగిన స్టీలు గిన్నెలా ఉంది. దారి అంతా ఎండి గట్టిపడి, అటూ ఇటూ పూలు కూడా.

ఆఫీసరు అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు. చేతిలో ఒక కర్ర, దాని చివర ఒక చక్రం. నేల మీద తోసుకుంటూ వెళితే ఎంత నడిచామో అదే చూపిస్తుంది. మా గేటు దగ్గర చక్రం నేలకానించి, అంకె సున్నా మీద ఉందని నాకు చూపించి మరీ బయల్దేరాడు. మా నాన్న జీవితంలో ఎన్నడూ చెయ్యని పని.

నేను మాటల్లో పెట్టాను. వాళ్ళ ఊరేదని, పిల్లలెందరని, మోకాళ్ళ నొప్పులున్నాయా అని అడిగాను. అన్నిటికీ ఇష్టంగా జవాబు చెప్పాడు, తోటలో చిక్కుడు పాదు గురించి ఒక మైలు పొడవునా మాట్లాడాడు. కానీ కొలుస్తున్నది ఆయన కాదు, చక్రం. చక్రాన్ని మాటల్లో పెట్టడం ఎట్లాగో మా అక్క చెప్పలేదు.

కంచెల దగ్గర దాటడానికి చెక్కమెట్లు ఉంటాయి. మొదటిదాని దగ్గర ఆగి, "ఇదిగో చూడండి, చిన్నపిల్ల ఇది ఎలా ఎక్కుతుంది?" అన్నాను, కొంచెం గొంతు వణికించి. మాతో వచ్చిన పాప అప్పటికే ఎక్కి, పైన రెండు చేతులూ చాచి నిలబడి, అవతలికి దూకేసింది.

"ఇట్స్ ఈజీ, మమ్మీ! వాచ్!" మళ్ళీ ఎక్కి మళ్ళీ దూకింది.

"నెమ్మదే తల్లీ, కాలు నొప్పి అన్నావుగా పొద్దున," అన్నాను తెలుగులో, కళ్ళతో చెయ్యగలిగినంత సైగ చేస్తూ.

"నో ఐ డిడంట్," అంది అది, బడి గంటంత స్పష్టంగా.

ఆఫీసరు తలవంచుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నవ్వు దాచుకున్నాడనుకుంటాను.

బడి గేటు చేరేసరికి చక్రం చూపించింది మూడు మైళ్ళకి ఫర్లాంగు తక్కువే. ఉత్తరంలో ఉన్నంతే. ఆయన మూడుసార్లు చూసి, నాకూ చూపించి, "సారీ, దారి నడవదగినదే అని రాయాలి నేను," అన్నాడు. అప్పుడు నేను మా కొట్టు ఆఖరి అస్త్రం తీశాను. మాట్లాడకుండా నిలబడ్డాను. మా ఊళ్ళో ఆ మౌనం అరనిమిషం సాగితే అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. ఈయన కూడా మాట్లాడలేదు. మౌనంలో ఇంగ్లీషువాళ్ళని ఓడించలేమని ఆ రోజు తెలిసింది. నేనే ముందు నోరు తెరిచాను.

"మాకు కావాల్సింది ఆ బస్సులో ఒక సీటండీ. అంతే."

ఆయన కనుబొమలెత్తి చూశాడు. "బస్సులో ఖాళీ సీటా? ఉందేమో. హక్కున్న పిల్లలందరికీ ఇచ్చాక మిగిలితే అడిగినవాళ్ళకి ఇస్తారు. దానికి వేరే ఫారం."

"మరి ఉత్తరంలో ఎవరూ చెప్పలేదే!"

"మీరు అడగలేదు కదా," అన్నాడు నొచ్చుకుంటున్నట్టు. "మీరు టాక్సీ అడిగారు."

ఆ ఫారంలో బస్సు సీటు అడిగాను. ఆగస్టు చివర ఇచ్చారు. పిల్లలు తగ్గిపోయారని పాత పెద్ద బస్సు తీసేసి పదహారు సీట్ల మినీబస్సు పెట్టారు. చుట్టుపక్కల మూడు ఊళ్ళ నుంచి హక్కున్న పిల్లలు పదిహేను మంది. పదహారోది మా పాపకి. కింద ఒక వాక్యం: హక్కున్న పిల్ల ఎవరైనా కొత్తగా వస్తే, రెండు వారాల నోటీసుతో ఈ సీటు వెనక్కి తీసుకుంటాము.

"కొసరన్నమాట," అంది మా అక్క. "పూలమ్మి మూర మీద బెత్తెడు వేసినట్టు. కొసరు మీద హక్కుండదే, దండం పెట్టి తీసుకోవడమే."

సెప్టెంబరంతా ఆ సీటు మీద నా కన్ను ఎలా ఉండేదంటే, పొద్దున బస్సు రాగానే పాపని ఎక్కించేలోపు తలలు లెక్కపెట్టేదాన్ని. పదిహేను. హమ్మయ్య. బస్సు నడిపే పెద్దావిడ ఒకరోజు గమనించి, "ఎవరైనా తప్పిపోయారా?" అని కంగారుపడింది. ఎవరూ ఎక్కువ కాలేదని చూసుకుంటున్నానని ఎలా చెప్పను?

ఆ నెలలోనే హెడ్ టీచరు తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడింది. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీల్లో మేమందరం మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. ఆవిడ చెప్పింది ఏమిటంటే, అక్టోబరులో ఒకరోజు ప్రతి బడిలోనూ తలలు లెక్కపెడతారు, వచ్చే ఏడు డబ్బు ఆ తలల్ని బట్టే వస్తుంది. ఈసారి తలలు తగ్గితే మూడు గదులు రెండవుతాయి. ఒక టీచరు వెళ్ళాలి. ఆ టీచరు ఎవరో ఆవిడ చెప్పలేదు, మాకు తెలుసు. ఆఖర్న వచ్చినావిడే, మా పాప చేత చదివించినావిడే. "మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇటు వస్తుంటే మా బడి గురించి ఒక మంచిమాట చెప్పండి," అంది హెడ్ టీచరు. అందరితోపాటు నేనూ తలూపాను. బడికి ఒక కొత్త పిల్ల కావాలి. నా కూతురి సీటు నిలవాలంటే ఒక్క కొత్త పిల్ల కూడా రాకూడదు. పుట్టి బుద్ధెరిగాక ఒకే సరుకుకి కొనేవైపూ అమ్మేవైపూ నేనే నిలబడటం అదే మొదటిసారి.

ఆ తరవాతి శనివారం వాకిట్లో పాపని బూట్లు విప్పి రమ్మని అరుస్తున్నాను. రోడ్డు మీద వెళుతున్న ఒకమ్మాయి టక్కున ఆగింది. చంకలో జ్వరం తగిలిన మొహంతో అయిదేళ్ళ పాప.

"అక్కా! మీరు తెలుగోళ్ళా?"

కరీంనగర్ అమ్మాయి. నార్తాంప్టన్‌లో ఉంటున్నారు. ఇక్కడి వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఖాళీగా ఉన్న ఇల్లు చూడటానికి వచ్చింది. లోపలికి పిలిచి టీ పెట్టాను. పిల్లకి బిస్కెట్ ఇస్తే వద్దని తల్లి భుజంలో మొహం దాచుకుంది.

"ఈడ ఉండాల్నా టౌన్ల ఉండాల్నా సమజైతలేదక్కా," అంది. "టౌన్ల బడి పెద్దగుందంట. ఈడి బడిల మూడు క్లాసులోళ్ళని ఒక్క రూముల కూసోబెడ్తరంట గదా? నిజమేనా? మా పోరి అసలే ఎవ్వలతోని మాట్లాడది. మీరెట్ల చెప్తె అట్ల చేస్తనక్కా."

మీరెట్ల చెప్తె అట్ల. ఇంత సులువైన గిరాకీ మా కొట్టుకి కూడా ఎప్పుడూ రాలేదు. అబద్ధం ఒక్కటి కూడా ఆడక్కర్లేదు. ఉన్నవే కొంచెం వరస మార్చి చెబితే చాలు. భోజనం పెట్టెల్లో వస్తుంది. హాలు ఒకటే. వచ్చే ఏడు రెండు గదులే ఉంటాయేమో తెలియదు. ఇవన్నీ నిజాలే, బొటనవేలి వెడల్పు చేతివాటం, అంతే. "చూడమ్మా, బడి చిన్నదే..." అని మొదలుపెట్టాను కూడా. పెట్టెల్లో భోజనం దాకా వచ్చాను.

నా మాటలు విని ఆ అమ్మాయి మొహం ముడుచుకుపోతోంది. ఇంతలో మా పాప పుస్తకం పట్టుకుని మెట్ల మీద నుంచి దిగింది. ఆ చిన్నదాన్ని చూసింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి దాని కాళ్ళ దగ్గర నేల మీద చతికిలపడి, పుస్తకం దానివైపు తిప్పి, బొమ్మ మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. బడిలో దానికి అలవాటైన పనే. కాసేపటికి ఆ పిల్ల తల్లి భుజం వదిలి కిందికి జారింది. ఒక పేజీ తిరగకుండా పట్టుకుని, ఒక అక్షరం మీద తన వేలు కూడా పెట్టింది.

ఆ అమ్మాయి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. కప్పులో టీ మీద మీగడ కట్టింది.

"ఇందాక చెప్పింది సగమే," అన్నాను. తరవాత మొత్తం చెప్పాను. మా పాప చదవకపోవడం, చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టడం, ఆ టీచరు, అక్టోబరు లెక్క, ఒక్కటీ దాచలేదు. నా జన్మలో సరుకు లోపాలూ గుణాలూ రెండూ చూపించి అమ్మింది అదొక్కసారే.

"బస్సుందా అక్కా?"

"ఉంది. మీ ఇంటి ముందే ఆగుతుంది. నీ పాపకి అయిదేళ్ళేగా, సీటు గ్యారంటీ."

"మీ పాప గూడ దాంట్లనే పోతదా?"

"పోతోంది," అన్నాను. అది ఆ రోజుకి నిజమే. ఇంతా చేసి ఆ ఒక్క బొటనవేలి వెడల్పు ఉంచేసుకున్నాను. చెబితే ఆ అమ్మాయి ఇల్లు తీసుకునేది కాదు.

అక్టోబరు లెక్కకి నాలుగు రోజుల ముందు ఆ పిల్ల బడిలో చేరింది. వారం తిరక్కుండా మాకు నోటీసు వచ్చింది. పాపని కూర్చోబెట్టి చెప్పాను, బస్సు లేదు, బడి ఉంది, నడవాలి అని. అది, "ఎవ్రీ డే? ఆ మెట్లు ఎవ్రీ డే దూకొచ్చా?" అంది. సీటు కోసం మే నుంచి పడిన పాట్లలో, నడుస్తావా అని నేను ఒక్కసారీ దాన్ని అడగలేదు.

క్రోయిడన్‌లో మా మేనేజరుకి ఫోను చేశాను. తొమ్మిదికి బదులు పదింటికి మొదలుపెడతాను, సాయంత్రం ఒక గంట ఎక్కువ చేస్తాను అన్నాను. గంట కావాలి, గంటే అడిగాను. నోటిదాకా వచ్చిన రెండు గంటల్ని మింగేశాను. ఆవిడ సరే అంది. ఇంత తొందరగా సరే అంటే ఇంకొంచెం అడగాల్సిందేమో అని ఆ రోజంతా బాధపడ్డాను, అది వేరే విషయం. సాయంత్రాలు మా ఆయన షిఫ్టు దిగి వస్తూ పాపని ఎక్కించుకొస్తాడు.

మేము నడక మొదలుపెట్టిన రెండో వారానికి ఆ అమ్మాయికి తెలిసిపోయింది. బస్సావిడ చెప్పిందట. డ్యూటీ బట్టల్లోనే వచ్చి తలుపు కొట్టింది, కళ్ళనిండా నీళ్ళు.

"మా పోరి వచ్చుడుతోనే మీ పాప సీటు పోయిందంట గదక్కా! ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలేదుగా," అన్నాను.

"గిట్ల మాట్లాడ్తరా అక్కా? నాకెంత సిగ్గైతున్నదో ఎర్కనా?"

"సిగ్గెందుకే? ఆ టీచరు ఉంటుందట. మూడు గదులూ ఉంటాయట. మా పాపకి అక్కర్లేని సీటు కోసం నేను ఇన్ని నెలలు కొట్లాడాను, సిగ్గుపడితే నేను పడాలి. రా, టీ తాగు."

జూలైలో నేను మొక్కుకున్న బురద నవంబరులో వచ్చింది. అడిగినంతా వచ్చింది, కొసరుతో సహా. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని పోతుంటాం. మా అక్క మాత్రం ఊరుకోదు: "ఆ బురద ఫొటోలు తీసి పంపవే ఆ చక్రం మనిషికి." తీశాను. ఈసారి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశాను: దారి ఇప్పుడు ఇలా ఉంది, దయచేసి వచ్చి నడిచి చూడండి. టాక్సీ మాట ఎత్తలేదు. డిసెంబరు మొదటివారంలో వస్తానని ఆయన జవాబిచ్చాడు, పాపకి కూడా నమస్కారాలు చెప్పమన్నాడు.

మూడో చెక్కమెట్ల దగ్గర దారి రోడ్డుకి ఆనుకుని వెళుతుంది. ఎనిమిదిన్నరకి సరిగ్గా అక్కడ మినీబస్సు మమ్మల్ని దాటుతుంది. పెద్దావిడ హారన్ కొడుతుంది. కిటికీ పక్క సీట్లోంచి ఆ చిన్నది అద్దానికి ఒక పుస్తకం ఆనించి చూపిస్తుంది, ఏ పేజీలో ఉందో మా పాపకి తెలియాలని. మా పాప మెట్ల మీద నిలబడి, కళ్ళు చిట్లించి చూసి, గట్టిగా చదువుతుంది. బస్సులోకి వినపడదు. అయినా ఆ పదం పూర్తయ్యేదాకా కిందికి దూకదు.

తలలు లెక్కపెట్టే అలవాటు నాకింకా పోలేదు. బస్సులో పదహారు. నా చేతికింద ఒకటి.